ఆప్టమర్ల మీద పరిశోధన చేస్తానంటోంది, పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. టీబీ లాంటి జబ్బులను ఆప్టమర్లతో కనిపెట్టే పరిశోధన చేస్తానంటోంది. ఇక్కడే ఎమ్మెస్సీ చేయించాలా, అప్పు చేసి అమెరికా పంపాలా? మా తోడల్లుడి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో బాగా సంపాదిస్తున్నాడు. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది ఇండియానా, అమెరికానా అని. మీ అసలు టెన్షన్ మాత్రం పిల్ల ఏళ్ల తరబడి చదువుతూనే ఉండిపోతుందేమోనని. ముందు దాని సంగతి చెబుతాను. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37 వేల రూపాయలు, ఆ తర్వాత 42 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఆమె మీకు భారం కాదండీ.

ఒక మాట కటువుగానే అంటున్నాను. తోడల్లుడి కొడుకు జీతం రాశారు గానీ, మీ అమ్మాయికి ఈ సబ్జెక్టు మీద మనసెందుకు పడిందో ఒక్క ముక్క రాయలేదు. అసలు అడిగారా?

ఆప్టమర్లంటే చిన్న డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ పోగులు. మడతలు పడి, తమకు సరిపోయే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. అది జబ్బు క్రిమి ప్రోటీన్ అయితే జబ్బు ఉన్నట్టు తెలుస్తుంది. కోటానుకోట్ల పోగుల్లోంచి బాగా అతుక్కునేవాటిని ఏరి, వాటిని పెంచి, మళ్లీ ఏరే సెలెక్స్ పద్ధతి 1990లో వచ్చింది. ఇప్పుడు పరీక్షల కిట్లలో వాడే యాంటీబాడీల (రోగనిరోధక ప్రోటీన్ల) తయారీకి లాగా వీటికి జంతువుల అవసరం లేదు, డీఎన్‌ఏవి వేడికి కూడా బాగా తట్టుకుంటాయి. ఫ్రిజ్ సరిగ్గా పనిచేయని పీహెచ్‌సీలో కూడా పరీక్ష చేయొచ్చన్న ఆశ అందుకే. ఫరీదాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ టీహెచ్‌ఎస్‌టీఐలో టీబీ పరీక్షల కోసం వీటి మీద పని జరిగింది.

వీటితో మందులు కూడా చేయాలని చూస్తున్నారు. నా అనుమానం ఎక్కువగా వాటి మీదే. ముప్పై ఏళ్లు దాటినా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ఆప్టమర్ మందులు రెండే, 2004లో ఒకటి, 2023లో ఒకటి. రెండూ కంటి జబ్బులకు, నేరుగా కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇచ్చేవి. అంటువ్యాధులకు ఒక్కటీ లేదు. రక్తంలోకి ఎక్కిస్తే ఎంజైములు ముక్కలు చేసేస్తాయి, చిన్నవి కాబట్టి కిడ్నీలు త్వరగా బయటికి తోసేస్తాయి. పరీక్షల్లోనేమో పీసీఆర్ (క్రిమి డీఎన్‌ఏను ఎన్నో రెట్లు పెంచి పట్టే పద్ధతి), యాంటీబాడీ కిట్లు పాతుకుపోయాయి. అందుకే ఆప్టమర్ల పేరుతో లక్షల ఫీజు అడిగే కోర్సు ఎవరైనా చూపిస్తే చేర్చకండి.

ఎమ్మెస్సీలో మాలిక్యులర్ బయాలజీ, పీసీఆర్, సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏలోని అక్షరాల వరుస చదవడం), బయోసెన్సర్లు (జీవ పదార్థాలను పసిగట్టే పరికరాలు) చేతికి బాగా అలవాటు కానివ్వండి. ఆప్టమర్లను ప్రాజెక్టుగా తీసుకోమనండి. రేపు ఆ రంగం నెమ్మదించినా, ఈ పనులు వచ్చిన మనిషికి హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలో టీకాల, డయాగ్నస్టిక్స్ కంపెనీల తలుపు తట్టే అర్హత ఉంటుంది.

అమెరికా ఎమ్మెస్ కోసం ఇల్లు తాకట్టు పెట్టొద్దు. ఎమ్మెస్సీ అయ్యాక స్టైపెండ్‌తో పీహెచ్‌డీ సీటు వస్తే అప్పుడు నిశ్చింతగా పంపండి.