మోర్వెన్‌స్టో తీరపు నడక: పెద్దవాళ్లతో వెళ్లవచ్చా?

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను ఇంగ్లాండ్‌లోని కార్న్‌వాల్ ఉత్తర తీరంలో ఉన్న మోర్వెన్‌స్టోకు తీసుకెళ్లవచ్చా, ఒక చర్చి కోసం అంత మారుమూలకు వెళ్లడం దండగ కాదా అని అడిగారు. నిరభ్యంతరంగా తీసుకెళ్లండి. అయితే నడకను కొండ అంచునున్న హాకర్ గుడిసె అనే చిన్న చెక్కగది దగ్గర ముగించి, మిగిలిన సమయమంతా చర్చికే కేటాయించండి.

మా అమ్మానాన్నలతో మేము అలాగే చేశాము. చర్చి పక్కన కారు నిలిపి, పొలాల మీదుగా దాదాపు చదునుగా సాగే దారిలో సముద్రం వైపు వెళ్లి, అంచుకు చేరాక ఎడమకు తిరిగితే కాసేపట్లో గుడిసె వస్తుంది. కొట్టుకొచ్చిన ఓడల కలపతో, మట్టిపెళ్లల కప్పుతో కొండవాలులో ఒదిగి ఉన్న ఈ చిన్న గదిని పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి చర్చి మతగురువుగా ఉన్న రాబర్ట్ స్టీఫెన్ హాకర్ కట్టుకున్నారు. ఆయన ఇందులో కూర్చుని కవిత్వం రాసేవారు, నల్లమందూ పీల్చేవారు. లోపలి చెక్కల మీద వచ్చిపోయినవాళ్లు చెక్కిన పేర్లు ఎంత కిక్కిరిసి ఉన్నాయంటే, మా నాన్నగారు సముద్రాన్ని వదిలేసి వాటినే చదువుతూ కూర్చున్నారు.

గుడిసె దాటాక దారి టిడ్నా లోయలోకి నిటారుగా దిగుతుంది. ఉత్తరాన హెన్నా క్లిఫ్ వైపు ఎక్కడం అంతకన్నా కష్టం. మోకాళ్లు సహకరించనివారికి ఈ రెండూ వద్దు.

చర్చిని మాత్రం తొందరపడి చూడకండి. 1842లో కాలెడోనియా అనే స్కాట్లండ్ ఓడ ఈ కొండల కింద బద్దలైనప్పుడు ఒక్కడే ప్రాణాలతో బయటపడ్డాడు. అప్పట్లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికుల శవాలను తరచుగా ఇసుకలోనే పూడ్చేసేవారు. హాకర్ మాత్రం వారిని పైకి మోయించి ఈ ఆవరణలోనే ఖననం చేయించారు. ఓడ ముక్కున ఉండే, కత్తీ డాలూ పట్టిన స్త్రీ బొమ్మ సమాధుల మధ్య తెల్లగా కనిపిస్తుంది. అది నకలు, అసలుది చర్చి లోపల భద్రపరచారు. లోపల నార్మన్ కాలపు కమానుల మీది వంకీల చెక్కడాన్ని, పాత బల్లల అంచుల మీది నగిషీని దగ్గరకు వెళ్లి చూడండి. పక్కనున్న తన నివాసపు పొగగొట్టాలను హాకర్ వేర్వేరు చర్చి గోపురాల ఆకారంలో కట్టించారు. వంటగది గొట్టానికి మాత్రం తన తల్లి సమాధి నమూనా అంటారు. ఇంత విచిత్రమైన మనిషి కథ ముందే తెలిస్తే నడకకు రుచి వస్తుంది కనుక, వీలైతే చర్చి చూశాకే గుడిసెకు వెళ్లండి.

కొండ అంచున కంచె ఉండదు, వానాకాలంలో పొలాల దారి బురదమయం. గాలి ఉధృతంగా ఉన్న రోజున గుడిసె కూడా మానుకుని, చర్చి చూసి దక్షిణాన బూడ్ పట్టణానికి వెళ్లిపోండి. అక్కడి ఇసుకతీరంలో పెద్దవాళ్లు హాయిగా కూర్చోవచ్చు.