కత్తెర బొమ్మ పెట్టాక కింద టైలర్ అని రాయాలా? – మీ ప్రశ్నలకి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ షాపు బోర్డుల గురించే, అందులోనూ మామూలు చదరం బోర్డు కాదు, ఏదో ఒక వస్తువు ఆకారంలో కోసిన బోర్డు. కొన్ని తీసుకుంటున్నా.

ప్రశ్న: టైలరింగ్ షాపు పెడుతున్నానండీ. కత్తెర ఆకారంలో బోర్డు చేయించాలని ఉంది. ఇంట్లోవాళ్లేమో దాని మీదే షాపు పేరు, ఫోన్ నంబరు, ఏమేం కుడతామో మొత్తం రాయించమంటున్నారు. పడుతుందా?

జవాబు: పట్టదండీ, పట్టించాలని చూడకండి కూడా. ఇక్కడ బట్టలు కుడతారని కత్తెరే చెప్పేస్తోంది కదా, ఇంక దాని మీద టైలరింగ్ అని రాస్తే ఉన్న కాస్త చోటూ దండగ. పేరొక్కటి చాలు, మిగతావన్నీ తలుపు పక్కన చిన్న బోర్డు మీద పెట్టుకోండి, దగ్గరకొచ్చినవాళ్లకే కదా అవి కావాల్సింది.

అసలు ముందు చూడాల్సింది ఆకారం. బొమ్మంతా నల్లరంగుతో నింపేసి, లోపల గీతలూ రంగులూ ఏమీ లేకుండా, ఫోన్‌లో తపాలా బిళ్ళంత చేసి, మీ ప్లాన్ సంగతి తెలియనివాళ్లకి చూపించి ఇదేంటో చెప్పమనండి. మూసిన కత్తెరైతే దూరం నుంచి కర్రముక్కలా కనిపిస్తుంది, అదే కత్తెర తెరిచి పెట్టి రెండు వేళ్ల రింగుల్లో నిజంగా ఖాళీ కోసేస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది. గుండీ అనుకోండి, నల్లగా నింపితే అది ఉత్త గుండ్రం, నాలుగు చిల్లులు ఆరపార కోస్తేనే గుండీ అవుతుంది. నన్నడిగితే ఈ పరీక్షలో తప్పిన బొమ్మని ఎన్ని రంగులేసినా పనికిరాదు.

అక్షరాల సైజుకి బోర్డుల వాళ్లు వాడే లెక్క ఒకటుంది, 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు. అవతలి ఫుట్‌పాత్ 40 అడుగుల దూరంలో ఉంటే కనీసం 4 అంగుళాలు. బండి మీద వెళ్లేవాళ్లకైతే ఇది చాలదు, ఎందుకంటే గంటకి 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 11 మీటర్లు వెళ్లిపోతారు, చదవడానికి ఒక 3 సెకన్లు ఇవ్వాలంటే 33 మీటర్ల ముందు నుంచే కనపడాలి, అంటే దాదాపు 110 అడుగులు, 11 అంగుళాల అక్షరం. పైన గుడి, కింద వత్తు కలుపుకుని కొలిచి సరిపోయిందనుకోకండి, అక్షరం ఒళ్లు మాత్రమే కొలవాలి.

ప్రశ్న: సైకిల్ రిపేర్ షాపుకి సైకిల్ బొమ్మ సన్‌బోర్డ్‌లో లేజర్‌తో కోయమంటే కుదరదు అన్నారు. యాక్రిలిక్ కోస్తున్నారుగా, ఇదెందుకు కొయ్యరు?

జవాబు: వాళ్లు చెప్పింది కరెక్టే. సన్‌బోర్డ్ పేరుతో అమ్మేది మామూలుగా పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫోమ్ షీటే, పీవీసీని లేజర్‌తో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఆమ్లపు వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకీ చేటే, మెషిన్ కూడా తుప్పు పడుతుంది. ఎవరైనా సరే అని కోసిస్తానంటే అక్కడ నిలబడకండి. దాన్ని సీఎన్‌సీ రౌటర్ మీద, అంటే కంప్యూటర్ నడిపే, తిరిగే బిట్‌తో కోసే మెషిన్ మీద కోయించుకోవాలి, ఏసీపీ షీట్ (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక) అయినా అంతే. రౌటర్‌తో ఒక చిక్కుంది, తిరిగే బిట్ గుండ్రం కదా, 3 మిల్లీమీటర్ల బిట్ అయితే లోపలి మూలలన్నీ 1.5 మిల్లీమీటర్ల మేర గుండ్రంగా వస్తాయి, సూదిమొన లాంటి లోపలి మూల కావాలంటే యాక్రిలిక్ లేజరే దిక్కు.

ఇక మీ సైకిల్. చువ్వలు విడివిడిగా కోయించకండి, సన్‌బోర్డ్‌లో అంత సన్నటి ముక్కలు బిగించేటప్పుడే విరుగుతాయి. చక్రం నిండు బిళ్లలా ఉంచి చువ్వలు వినైల్ స్టిక్కర్‌తో అంటించండి, లేదా చక్రం లోపల ఖాళీ వదిలేసి లావుపాటివి మూడో నాలుగో ఉంచండి, నిజం సైకిల్‌కి ఎన్నుంటాయో లెక్కపెట్టేదెవరు.

ప్రశ్న: షాపు పేరు తెలుగులో విడి అక్షరాలుగా కోయిస్తే తలకట్లన్నీ ఊడి చేతికొచ్చాయి! ఫాంట్ తప్పా, కోసినవాళ్ల తప్పా?

జవాబు: ఎవరి తప్పూ కాదు, ప, స, హ లాంటి అక్షరాలకి చాలా ఫాంట్లలో తలకట్టు ఒంటికి ఆనదు, వత్తులు కూడా అంతే, కోస్తే దేనికది విడి ముక్క. ఇంగ్లీషులో అయితే చిన్న ఐ చుక్క దగ్గర తప్ప ఈ బాధ పెద్దగా ఉండదు. రెండు దారులున్నాయి. కంప్యూటర్ డిజైన్‌లోనే తలకట్టుని ఒంటికి కలిపి ఒకే ముక్కగా చేయించడం (వాళ్ల మాటలో వెల్డ్) ఒకటి, పేరు మొత్తానికి వెనక ఒకే ముక్క పెట్టి దాని అంచు అక్షరాల చుట్టూ నీడలా కాస్త వెడల్పుగా కోయించడం రెండోది. నా ఓటు రెండోదానికే, ముక్కలు వరసలో నిలుస్తాయి, పేరుకి కూడా ఒక ఆకారం వస్తుంది. ఫైల్ పంపేముందు అక్షరాలని కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అక్కర్లేని ఉత్త గీతల బొమ్మగా, మార్చారో లేదో అడగండి, లేకపోతే అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేక వత్తులు ఎటో పోతాయి. బొమ్మ కూడా వెక్టర్ ఫైలే (చుక్కలతో కాక గీతలతో గీసింది, ఎంత పెద్దది చేసినా అంచు చెడదు) ఇవ్వాలి, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పంపి కోయమంటే అంచులు ఎగుడుదిగుడుగా వస్తాయి.

ప్రశ్న: తాళాలు చేసే షాపు మాది. పెద్ద తాళంచెవి బొమ్మ రోడ్డు వైపుకి వేలాడేలా పెట్టాలని ఉంది, లైటు కూడా. జాగ్రత్తలు చెప్పండి.

జవాబు: నడిచేవాళ్లకి గోడకి ఆనించిన బోర్డు కంటే అడ్డంగా బయటికొచ్చిన బోర్డే ముందు కనపడుతుంది, మంచి ఆలోచన. కానీ బరువు, గాలి రెండూ బ్రాకెట్ మీదే పడతాయి, గాలి వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. 1718లో లండన్‌లో ఇలా వేలాడే పెద్ద బోర్డు ఒకటి గోడ ముందుభాగాన్ని కూడా లాక్కుని పడిపోయి నలుగురు చనిపోయారు. అందుకని పైప్ ఫ్రేమ్ గోడ ఇటుకలోకి యాంకర్ బోల్టులతో దిగాలి, ఉత్త ప్లాస్టరింగ్‌లో కాదు, రోడ్డు వైపుకి ఎంత రావచ్చో మీ మున్సిపాలిటీలో ముందే అడగండి.

యాక్రిలిక్ అయితే ఎండకి సాగుతుంది, మీటరు పొడవు ముక్క 30 డిగ్రీల తేడాకి సుమారు 2 మిల్లీమీటర్లు. చిల్లు స్క్రూ కంటే కాస్త పెద్దది పెట్టించి, మరీ బిగించకుండా వదలండి, పగుళ్లు ఎక్కువగా ఆ చిల్లుల దగ్గరే మొదలవుతాయి.

లైటుకి తాళంచెవి ముందువైపు వెలిగించడం కంటే, బొమ్మ వెనక పాల రంగు పలక పెట్టి అది వెలిగేలా చేయించండి, రాత్రి నల్లటి తాళంచెవి వెలుగు మీద కోసినట్టు కనిపిస్తుంది. పలక వెనక బాక్సులో వరసగా అంటించే చిన్న లైటు ముక్కలే ఎల్‌ఈడీ మాడ్యూళ్లు, వాటి మధ్య దూరం ఆ బాక్సు లోతు కంటే ఎక్కువుంటే పలక మీద చుక్కలు చుక్కలుగా తేలతాయి, లోతు తగ్గించాలనుకుంటే మాడ్యూళ్లు దగ్గర చేయాల్సిందే. పవర్ సప్లై మటుకు లోపల షాపులోనే పెట్టించండి, పాడైతే నిచ్చెనెక్కే పనుండదు.

ప్రశ్న: ఇంత ఖర్చు పెట్టేముందు సైజు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: పాత అట్టపెట్టెలు విప్పి అదే సైజులో బొమ్మ కోసి, నల్లరంగేసి, బోర్డు పెట్టబోయే చోటే తాడుతో కట్టండి. రోడ్డు అవతలికి వెళ్లి చూడండి, చీకటి పడ్డాక ఇంకోసారి. చెట్టుకొమ్మో కరెంటు స్తంభమో అడ్డమొస్తే కూడా అప్పుడే బయటపడుతుంది.