సిల్వర్ లెన్స్ అడిగితే నల్లది పంపారు, ఏడు నెలలు వాడేశాను: ఇప్పుడు మార్పించుకోవచ్చా?

ప్రశ్న: నా కెమెరా బాడీ సిల్వర్. దానికి జతగా సిల్వర్ లెన్స్ కొనాలని ఏడాదిన్నర డబ్బు దాచుకుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. పెట్టె తెరిస్తే నల్లది వచ్చింది. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. నలుపే మంచిది, అద్దాల్లో ప్రతిబింబం పడదు అని కొందరు, సిల్వరైతే ఎండకు వేడెక్కదు, గీతలు కనపడవు అని ఇంకొందరు చెబుతున్నారు. అమ్మినవాళ్లు మాత్రం లోపలి గాజు ఒకటే, నీకు నష్టమేముంది అంటున్నారు. ఏడు నెలలైంది. ఈ మధ్య ఆదివారాల్లో అదే లెన్స్‌తో రెండు మూడు ఫంక్షన్లకు డబ్బు తీసుకుని ఫొటోలు తీశాను. ఇంకో చోట సిల్వర్ లెన్స్ కొని, ఆ పెట్టెలో ఈ నల్లది పెట్టి, తప్పు రంగు వచ్చిందని వాపసు ఇచ్చెయ్యమని ఫ్రెండ్ అంటున్నాడు. కాదంటే సిల్వర్ పెయింట్ వేయించుకుందామనుకుంటున్నా. అసలు ఏ రంగు ఉంచుకోవడం మంచిది? మానసిక వేదనకు పరిహారం వస్తుందా? అన్నట్టు, డెలివరీ అయిన రెండో రోజే యాప్ చాట్‌లో చెప్పాను. స్టాక్ లేదు, రాగానే మారుస్తాం అన్నారు. తర్వాత ఎవరూ పలకలేదు.

జవాబు: మీ ఉత్తరమంతటిలో కేసుకు పనికొచ్చేది 'అన్నట్టు' అని మొదలుపెట్టి చివర్లో పడేసిన ఆ ముక్కే. రెండో రోజున మీరు ఈ లెన్స్ వద్దన్నారు, వాళ్లు మారుస్తామన్నారు. ఇది కాగితం మీద చూపించగలిగితే మీకు కేసుంది. చూపించలేకపోతే ఏడు నెలలు హాయిగా వాడుకుని ఇప్పుడు మనసు మార్చుకున్న మనిషిలా కనిపిస్తారు, అవతలి లాయరు చెప్పేదీ అదే. నలుపా సిల్వరా అన్న చర్చ వినియోగదారుల కమిషన్ ముందు ఒక్క నిమిషం కూడా నిలవదు.

ఎందుకో చెబుతాను. సరుకుల విక్రయ చట్టం 1930లో సెక్షన్ 15 ప్రకారం, వర్ణనను బట్టి సరుకు అమ్మినప్పుడు ఇచ్చే సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. ఆర్డర్‌లో సిల్వర్ అని ఉంటే ఆ రంగు వర్ణనలో భాగమే. నల్లది ఇచ్చి 'గాజు ఒకటే కదా' అంటే కుదరదు, నలుపు వల్ల ఫొటో పాడైందని మీరు రుజువు చేయాల్సిన పని కూడా లేదు. పేజీ అడుగున 'స్క్రీన్ మీద కనిపించే రంగుకు స్వల్ప తేడా ఉండవచ్చు' అని ఉంటే దానికీ భయపడకండి, అది ఛాయలో తేడాకు వర్తిస్తుంది గానీ సిల్వర్ బదులు నలుపు పంపడానికి అనుమతి కాదు.

కానీ అదే చట్టంలో సెక్షన్ 42 కూడా ఉంది. సరుకు నచ్చిందని కొనుగోలుదారు చెప్పినా, సరుకు తనదేనన్నట్టు వ్యవహరించినా, వద్దని చెప్పకుండా సమంజసమైన గడువు దాటేదాకా దగ్గర పెట్టుకున్నా, దాన్ని అంగీకరించినట్టే లెక్క. ఒకసారి అంగీకరించాక మామూలుగా సెక్షన్ 13 అడ్డొస్తుంది, సరుకు తిప్పి పంపే హక్కు పోయి నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగులుతుంది. ఏడు నెలలు ఎవరు చూసినా సమంజసమైన గడువు కాదు. దాన్నుంచి మిమ్మల్ని కాపాడేది ఆ రెండో రోజు చాట్ ఒక్కటే: నేను వెంటనే వద్దన్నాను, మారుస్తామన్న వాళ్ల మాట నమ్మే దగ్గర పెట్టుకున్నాను అని మీరు చెప్పుకోవచ్చు. డబ్బు తీసుకుని ఫొటోలు తీయడం ఆ వాదనను బలహీనం చేస్తుంది, పూర్తిగా చంపదు.

మరి ఆ చాట్ ఎక్కడుంది? స్క్రీన్‌షాట్ ఉందని మీరు ఎక్కడా రాయలేదు, కాబట్టి లేదనే అనుకుంటున్నాను. కోపం తెచ్చుకోకండి గానీ ఇది మీ తప్పే. ఏడాదిన్నర పైసా పైసా కూడబెట్టిన మనిషి పది సెకన్లు ఆగి ఒక స్క్రీన్‌షాట్ తీసుకోలేదా? మాయమయ్యే చాట్‌లో ఒప్పుకుని, ఆ తర్వాత పలకకుండా ఉంటే అమ్మకందారుకు ఏ ఇబ్బందీ లేదు, నోరు మూసుకుని ఏడు నెలలు కూర్చున్న మీకే ఇబ్బంది. ఇలాంటి కేసులు ఓడిపోయేది చట్టం లేక కాదు, కాగితం లేక.

ఇప్పుడైనా వెతకండి. చాట్ మొదలుపెట్టగానే చాలా సంస్థల నుంచి టికెట్ నంబర్‌తో మెయిలో ఎస్సెమ్మెస్సో వస్తుంది. డెలివరీ తేదీ నుంచి పది రోజుల మెయిల్స్, స్పామ్‌తో సహా, ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ఫోన్‌లో ఆ వారం మెసేజ్‌లు చూడండి. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లకో ఫ్రెండ్‌కో 'నల్లది పంపారు, మారుస్తామన్నారు' అని వాట్సాప్ పెట్టి ఉంటారు, అదీ పనికొస్తుంది, ఎందుకంటే గొడవ మొదలవకముందు రాసిన మాటకు బరువెక్కువ. దొరికినవి ఆ ఫోన్‌లోనే అలాగే ఉంచండి, ఫార్వర్డ్ చేసి అసలుది చెరిపేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 2023లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయమంటారు, అసలు ఫోన్ మీ చేతిలో ఉంటే ఆ పని తేలిక.

తర్వాత ఆర్డర్ కాగితాలు. ఇన్వాయిస్ తీసి ఆ ఒక్క లైను చదవండి. మోడల్ పేరు పక్కన సిల్వర్ అని ఉందా, నలుపు అని ఉందా, ఏమీ లేదా? నేను చూసిన చాలా గొడవల్లో వస్తువు పేజీలో రంగులకు రెండు చిన్న గుండ్రాలుంటాయి, ఒకటి ముందే ఎంపికై ఉంటుంది, జనం పైనున్న బొమ్మ చూసి కొనెయ్ అని నొక్కేస్తారు. మీదీ అదే అయితే, కన్ఫర్మేషన్‌లో నలుపు అని ఉంటే, ఇక్కడితో ఆపేయండి. మీరు ఎంచుకున్నదే వాళ్లు పంపారు. నచ్చలేదని ఎప్పుడంటే అప్పుడు వాపసు చేసే హక్కు మన చట్టంలో లేదు, వాళ్ల రిటర్న్ గడువు ఎన్ని రోజులో అంతే, అదీ దాటిపోయింది. సిల్వర్ అని ఉంటే ముందుకు వెళ్దాం.

పెట్టె కూడా తీయండి. పారేశానని మాత్రం చెప్పకండి! ఒకే లెన్స్‌కు రెండు రంగులుంటే సాధారణంగా ఒక్కో రంగుకూ వేరే కోడ్ ఉంటుంది, పెట్టె పక్కనున్న లేబుల్‌లో అది కనిపిస్తుంది. ఆ లేబుల్, దాని మీది సీరియల్ నంబర్, లెన్స్ బ్యారెల్ (బయటి గొట్టం) మీద చెక్కిన సీరియల్ నంబర్, మూడూ ఒకే వెలుతురులో దగ్గరగా ఫొటోలు తీయండి. పెట్టె మీద సిల్వర్ అని ఉండి లోపల నలుపు ఉంటే అది వేరే కథ, ప్యాకింగ్‌లోనే మారిపోయిందన్నమాట. అప్పుడు నంబర్లు కలవకపోతే 'నువ్వే మార్చావు' అని మీ మీదికే వస్తారు, పెట్టె తెరుస్తూ వీడియో తీసి ఉంటే అదే మీకు ఊపిరి.

ఇప్పుడు మీ ఫ్రెండ్ సలహా. దాని గురించి ఒక్కటే చెబుతాను: ఆ పని చేశారంటే మీరు ఫిర్యాదుదారు కారు, నిందితుడు. ఇంకో దుకాణం పెట్టెలో ఈ లెన్స్ పెట్టి వాపసు ఇస్తే అది మోసం చేసి డబ్బు రాబట్టడం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. పైగా తప్పించుకునే దారి కూడా లేదు, సీరియల్ నంబర్ లెన్స్ మీదే చెక్కి ఉంది, వాళ్లు పంపిన నంబర్ వాళ్ల రికార్డులో ఉంది, స్కాన్ చేసిన క్షణంలో దొరికిపోతారు. మీకు అన్యాయం చేసింది ఒకరైతే ఆ పాపం తెలియని ఇంకో వ్యాపారి దగ్గర వసూలు చేసుకుంటారా? ఆ ఫ్రెండ్‌తో ఈ విషయం మళ్లీ మాట్లాడకండి, వాట్సాప్‌లో అసలే వద్దు.

పెయింట్ ఆలోచన నేరం కాదు, కానీ కేసుకు అదే ఉరి. సరుకు రంగు మార్చడమంటే అది నాదేనని ఒప్పుకోవడమే, సెక్షన్ 42 నేరుగా వచ్చి తగులుతుంది. ఉన్న ఒక్క భౌతిక సాక్ష్యం పోతుంది, విప్పి చేస్తే వారంటీ కూడా పోవచ్చు. స్టిక్కర్ చుట్టడం కూడా ఇప్పుడు వద్దు.

ఇక మీరు బుర్ర పాడుచేసుకుంటున్న నలుపు, సిల్వర్ సంగతి. ఇందులో కేసుకు తగిలే భాగం ఒకటుంది, అది చెప్పి మిగతాది వదిలేస్తాను. కొన్ని కంపెనీల్లో రంగుతో పాటు లోహమే మారిపోతుంది. లైకా కంపెనీ 50 ఎంఎం సమ్మిక్రాన్ లెన్స్ చూడండి, అల్యూమినియంతో చేసిన నల్లది దాదాపు 240 గ్రాములు, సిల్వర్ క్రోమ్‌ది ఇత్తడి కాబట్టి దాదాపు 335 గ్రాములు. అలాంటి చోట 'రంగే కదా తేడా' అన్న మాట పచ్చి అబద్ధం, తయారీ పదార్థమే వేరు. చాలా లెన్సుల్లో మాత్రం రెండూ ఒకే బరువు, పై పూత ఒక్కటే తేడా. మీ లెన్స్ ఏ రకమో తయారీదారు స్పెసిఫికేషన్ పేజీలో రెండు రంగుల బరువులూ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉంటే ఆ పేజీ ప్రింట్ తీసి ఫిర్యాదుకు జత చేయండి. రెండు రంగుల ధరల్లో తేడా ఉంటే అదీ తీసుకోండి, సరుకు మార్చడం కుదరని పక్షంలో సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 59 కింద ధర తగ్గింపో పరిహారమో అడగడానికి ఆ అంకె కావాలి.

వేడి, ప్రతిబింబం వాదనలు ఫిర్యాదులో రాయకండి. ఎండలో నలుపు ఎక్కువ వేడెక్కుతుందన్నది నిజమే, కానన్ కంపెనీ పెద్ద టెలిఫొటో లెన్సులకు తెల్ల రంగు వేసేది వేడి తగ్గించడానికే. కిటికీ అద్దం వెనక నుంచి తీసేటప్పుడు సిల్వర్ బ్యారెల్ అద్దంలో మెరవడమూ నిజమే. కానీ బయట ఏ రంగున్నా బ్యారెల్ లోపల నలుపే వేస్తారు, మీ సైజు లెన్స్‌లో ఫొటో నాణ్యత తగ్గిందని ఏ నిపుణుడూ సర్టిఫికెట్ ఇవ్వడు. నిలబడని మాట ఒక్కటి రాసినా నిలబడే మాట మీద నమ్మకం పోతుంది. ఇంకో సంగతి: లెన్స్ వెనక, కెమెరాకు తగిలించే మౌంట్ చూసుకోండి. తగిలించి తీసిన ప్రతిసారీ ఆ లోహం మీద గుండ్రటి సన్న గీతలు పడతాయి, నల్ల బ్యారెల్ అంచుల్లో పూత అరిగిన చోట లోహం తళుక్కుమంటుంది. ఎంత వాడారో అవి చూసి చెప్పేస్తారు. అందుకే 'అసలు వాడలేదు' అని ఒక్క ముక్క కూడా రాయొద్దు. స్టాక్ వస్తుందని ఎదురుచూస్తూ, వేరే లెన్స్ లేక కొన్ని సార్లు వాడాను అని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇవాళ్టి నుంచి వాడకం ఆపి, క్యాపులు పెట్టి పెట్టెలో భద్రం చేయండి. 'కొత్త లెన్స్ వచ్చింది' అని ఎక్కడైనా పోస్టు పెట్టి ఉంటే ఇప్పుడు తీసేయకండి, తీసేస్తే అది ఇంకా చెడుగా కనిపిస్తుంది.

డబ్బు తీసుకుని ఫొటోలు తీశారు కాబట్టి మీరు వినియోగదారే కాదు, వ్యాపారం కోసం కొన్నారు అని అవతలివాళ్లు అంటారు. సిద్ధంగా ఉండండి. కొనడంలో ముఖ్య ఉద్దేశం ఏమిటన్నది చూడాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. సొంత సరదాకు కొన్నాను, తర్వాత అప్పుడప్పుడు తీశాను అన్నది మీ నిజమైతే అదే రాయండి. అదే మీ బతుకుతెరువైతే, స్వయం ఉపాధికి కొన్నవాళ్లనూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కాపాడుతుంది. రెండు కథలూ కలిపి చెప్పకండి.

గడువు విషయం జాగ్రత్తగా వినండి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లు. ఆ రెండేళ్లను డెలివరీ తేదీ నుంచే లెక్కపెట్టుకోండి, వాళ్లు చివరిసారి పలికిన రోజు నుంచి కాదు. నోటీసులు, మెయిళ్లు ఎన్ని పంపినా ఆ గడియారం ఆగదు. మీకు ఇంకా పదిహేడు నెలలున్నట్టు కనిపిస్తుంది, కానీ వాడకం గురించి నేను పైన చెప్పినదంతా చూస్తే ప్రతి నెలా మీ కేసు కొంచెం కొంచెం కరుగుతోంది.

కాబట్టి ఈ వారంలోనే ఆ సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి. ఈ-కామర్స్ నిబంధనలు 2020 ప్రకారం ఆయన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ నిబంధనల్లోనే, ప్రకటించిన లేదా ఒప్పుకున్న లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని ఉంది, ఆ మాట మెయిల్‌లో పెట్టండి. ఏడుపు రాయకండి. ఆర్డర్ నంబర్, డెలివరీ తేదీ, సీరియల్ నంబర్, రెండో రోజు చాట్, వాళ్లిచ్చిన మాట, మీరు కోరేది సిల్వర్ లెన్స్, కాకపోతే లెన్స్ తీసుకుని డబ్బు వాపసు. దాంతో పాటు ఆ రోజు చాట్ నకలు ఇవ్వమని, చెరిపేయకుండా భద్రపరచమని తప్పకుండా అడగండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయించి ఆ నంబర్ రాసుకోండి.

నెలలో కదలిక లేకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, అమ్మినవాళ్ల ఊరికి పోనక్కర్లేదు. ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. చాట్ రికార్డు వాళ్ల దగ్గరే ఉందని, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(9) కింద తెప్పించమని అందులోనే దరఖాస్తు పెట్టండి. తెమ్మన్నాక కూడా తేకపోతే, దాచారంటే అందులో తమకు వ్యతిరేకమైనదే ఉంటుందని కమిషన్ అనుకోవచ్చు, అది మీకు కలిసొస్తుంది. మానసిక వేదనకు, ఖర్చులకు పరిహారం చివర్లో ఒక్క పేరాలో అడగండి. దాని మీద కేసు నిలబెట్టాలని చూడకండి.

ముందు ఆ పది రోజుల మెయిల్స్ వెతికి టికెట్ నంబర్ దొరికిందో లేదో, ఇన్వాయిస్‌లో రంగు ఏమని ఉందో నాకు రాయండి. దొరక్కపోతే ఫిర్యాదులో డబ్బు వాపసు బదులు నష్టపరిహారాన్ని ముందు పెట్టి రాయాల్సి ఉంటుంది.