రాత్రి ఆకలికి కారణం పగటి పస్తు

ప్రశ్న: మాది రాయగడ. బరంపురంలో హాస్టల్లో ఉంటూ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) లెక్కించే ప్రాక్టికల్‌లో మేడమ్ నన్నే పిలిచి, అందరి ముందూ బరువు చూసి, ‘రేపు రోగులకు నువ్వేం చెబుతావు?’ అన్నారు. అప్పటి నుంచి కొందరు ఒడియాలో ‘మోటీ’ (లావుపాటిది) అంటున్నారు. పగలు తినడం మానేశాను. రాత్రి మాత్రం దొరికినదల్లా తినేసి, బాత్రూంలో వాంతి చేసుకుంటున్నాను. వారంలో మూడు నాలుగు సార్లు ఇదే. అయినా బరువు తగ్గలేదు. నాకు మనోనిగ్రహం లేదా?

జవాబు: మీ ఉత్తరంలో చివరి ప్రశ్న నన్ను చాలా బాధపెట్టింది. అందుకే ముందు దానికే జవాబు చెబుతాను. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకులు స్వచ్ఛందంగా ఆరు నెలలు అర్ధాకలితో ఉన్నారు. దేహానికీ మనసుకీ దృఢమైనవారని ఏరి ఎంచిన మనుషులు. అలాంటివారికే ధ్యాసంతా తిండి మీదకు పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. తర్వాత కావలసినంత తినవచ్చన్నప్పుడు కొందరు కడుపు పట్టనంత తిన్నా తృప్తి కలగలేదు. వారికి నిగ్రహం లేదందామా? పగలంతా పస్తుంచిన శరీరం రాత్రి తన బాకీ వసూలు చేసుకుంటోంది, అంతే.

తరగతిలో తప్పు చేసింది మీరు కాదు. బరువు చూసేటప్పుడు ఆ అంకె పక్కవారి చెవిన పడకూడదని నేర్పవలసిన చోటే మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టారు. మనవారికి బీఎంఐ 23 దాటితే అధిక బరువని హద్దు పెట్టింది మధుమేహం వంటి ముప్పును ముందే పసిగట్టడానికి. నర్సుగా ఎవరు పనికొస్తారో అది చెప్పదు.

మీరు రాసిన లక్షణాలు బులీమియా అనే జబ్బును పోలి ఉన్నాయి. ఇది ఉన్నవారు చాలామంది సన్నగా ఉండరు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. వాంతితో తిన్నదంతా బయటికి పోదు, పోయేది పొటాషియం. అది పడిపోతే గుండె లయ తప్పుతుందని మీ పాఠాల్లోనే ఉంది. ఈ వారమే ఆ రక్తపరీక్ష చేయించుకోండి. గుండె దడదడలాడినా, కళ్లు తిరిగి పడిపోయినా, వాంతిలో రక్తం కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. వాంతి కాగానే పళ్లు తోమకండి, ఎనామిల్ అరిగిపోతుంది. నీళ్లతో పుక్కిలిస్తే చాలు.

ఇక రేపు ఉదయం వార్డు డ్యూటీకి ముందు ఇడ్లీయో ఉప్మాయో తినండి. ఆపై మూడు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచవద్దు. సంచిలో అరటిపండో వేయించిన శనగలో ఉంచుకోండి. ముందు రాత్రి అతిగా తిన్నా, వాంతి అయినా సరే, మర్నాటి ఉదయం టిఫిను మానకండి. అన్నిటికన్నా కష్టం ఇదే. గొలుసు తెగేదీ ఇక్కడే.

మానసిక వైద్యులను తప్పక కలవండి. మీ ఆసుపత్రిలో తోటి విద్యార్థులు చూస్తారని భయమైతే, సెలవుల్లో రాయగడ నుంచి రైల్లో విశాఖ వెళ్లండి, అక్కడ తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగు, ఒడియా రెండింట్లోనూ మాట్లాడతారు. అమ్మకు అంతా ఒకేసారి చెప్పనక్కరలేదు. ‘అమ్మా, నాకు తిండి విషయంలో ఒంట్లో బాగుండటం లేదు, డాక్టరు దగ్గరికి నాతో రా’ అనండి. పరీక్ష ఫలితం వచ్చాక మళ్లీ రాయండి.