నవజాత శిశువుల మెదడు మీద రీసెర్చ్: అది డాక్టరు పనా, ల్యాబ్ పనా?

మీ అమ్మాయి పీడియాట్రిక్స్ పీజీ చేస్తోందని, కడుపులోని బిడ్డల, అప్పుడే పుట్టిన బిడ్డల మెదడు జబ్బుల మీద రీసెర్చ్ చేస్తానంటోందని రాశారు. ఇంతకీ ఇది డాక్టరు పనా, ల్యాబ్ పనా అని మీ ప్రశ్న. నేను నియోనాటాలజిస్టును, అంటే అప్పుడే పుట్టిన బిడ్డలకు వైద్యం చేసే డాక్టర్ని. కొన్నేళ్లు లండన్‌లో ఇలాంటి ఒక టీమ్‌లో చేసి, ఇప్పుడు కోస్తాలో ఒక ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ఉన్నాను. రెండూ ఒకే పని అంటే తప్పించుకుంటున్నానని అనుకుంటారేమో, అందుకే ఒక ఉదాహరణ చెప్తాను.

కాన్పు కష్టమై, ఆక్సిజన్ అందక, పుట్టగానే ఏడవని బిడ్డలుంటారు. మనవైపు ఇంట్లోవాళ్లు 'ఉమ్మనీరు తాగింది' అంటారు, కారణం అదైనా కాకపోయినా. వీళ్లలో కొందరు మొదటి కొన్ని గంటలు తేరుకున్నట్టే కనిపించి, తర్వాత ఫిట్స్‌లోకి వెళ్తారు. పిల్లల డాక్టర్లందరూ చూసేదే ఇది. 1980ల్లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆస్మండ్ రేనాల్డ్స్ టీమ్ అలాంటి బిడ్డల మెదడులో శక్తి నిల్వలను మాగ్నెటిక్ రెజొనెన్స్ స్పెక్ట్రోస్కోపీతో (ఎంఆర్ఐ లాంటి పరీక్షతో) కొలిచింది. మొదట్లో దాదాపు మామూలుగా ఉన్న నిల్వలు ఒకటి రెండు రోజుల్లో పడిపోతున్నాయి. అంటే రెండో దెబ్బ ఇంకా రావాల్సి ఉంది, ఈలోగా కాస్త టైమ్ దొరుకుతుంది.

ఆ టైమ్‌లో ఏం చేయొచ్చో న్యూజిలాండ్‌లో అలిస్టర్ గన్, పీటర్ గ్లక్‌మన్ గొర్రె కడుపులో ఉన్న పిల్లల మీద పరీక్షించారు. మెదడుకు రక్తం ఆపి, మళ్లీ వదిలి, గంటన్నర తర్వాత తల చల్లబరిస్తే చాలా కణాలు బతికాయి. ఎనిమిదిన్నర గంటలకు, ఫిట్స్ మొదలయ్యాక చల్లబరిస్తే లాభం లేకపోయింది. పుట్టిన ఆరు గంటల్లోపు కూలింగ్ మొదలుపెట్టాలన్న నియమానికి మూలం ఇలాంటి ప్రయోగాలే. డెట్రాయిట్‌లోని సీతా శంకరన్ నడిపించిన ట్రయల్ 2005లో వచ్చింది. 208 మంది బిడ్డలు, ఒంటిని 33.5 డిగ్రీలకు చల్లబరిచి 72 గంటలు అలాగే ఉంచడం. చావు లేదా ఒక మోస్తరు నుంచి తీవ్రమైన వైకల్యం 62 శాతం నుంచి 44 శాతానికి తగ్గింది.

ఇక్కడితో ఆపితే మంచి కథే. కానీ మీ అమ్మాయి తెలుసుకోవాల్సింది తర్వాతి భాగం. ఇంపీరియల్ కాలేజీకి చెందిన సుధిన్ తయ్యిల్ ఆధ్వర్యంలో భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు ఆసుపత్రుల్లో 408 మంది బిడ్డలతో హెలిక్స్ అనే కూలింగ్ ట్రయల్ జరిగింది. 2021లో ఫలితం వచ్చింది: కూలింగ్ వల్ల ప్రయోజనం లేదు, పైగా చల్లబరిచిన బిడ్డల్లో 42 శాతం, చల్లబరచని బిడ్డల్లో 31 శాతం చనిపోయారు. ధనిక దేశాల్లో ప్రాణం నిలిపిన చికిత్స ఇక్కడ ఎందుకు పనిచేయలేదు? మన బిడ్డల్లో దెబ్బ కాన్పుకు ముందే మొదలై ఉండొచ్చన్నది ఒక వివరణ. అదే నిజమైతే, మనం ఎంత పరుగెత్తినా ఆ ఆరు గంటలు అప్పటికే అయిపోయినట్టే. కడుపులోనే బిడ్డ మెదడును గమనించే ఫీటల్ న్యూరాలజీ అవసరం ఇందుకే అని నేననుకుంటాను.

ఆ పేపర్ వచ్చాక మా యూనిట్‌లో గట్టిగానే వాదించుకున్నాం. కూలింగ్ మెషీన్ కొనాలన్న ఆలోచన మానేసి, లేబర్ రూమ్ నర్సులకు బిడ్డకు ఊపిరి పోయడంలో ట్రైనింగ్ పెట్టించాం. మా మిత్రులు కొందరు ఇప్పటికీ నాతో ఏకీభవించరు. మంచి వెంటిలేటర్ సదుపాయం ఉన్నచోట చేయొచ్చంటారు, వాళ్ల వాదనలోనూ పస ఉంది.

రోజువారీ పని అంటారా, సగం మాట్లాడటమే. ఐదో నెల టిఫా స్కాన్‌లో మెదడులో నీరుండే గదుల వెడల్పు 10 మిల్లీమీటర్లు దాటిందని రిపోర్టు పట్టుకుని వస్తారు. వేరే లోపమేదీ లేకుండా 10–12 మధ్య ఉంటే ఎక్కువమంది పిల్లలు మామూలుగానే పెరుగుతారని చెప్తాం. అత్తగారు మాత్రం 'ఖచ్చితంగా చెప్పండి డాక్టరుగారూ' అంటూనే ఉంటారు. ఫాలోఅప్ క్లినిక్‌లో మెడ నిలిపిందా, కూర్చుందా, మాటలొచ్చాయా అని చూస్తూ ఏడాదిన్నర, రెండేళ్లు ఎదురుచూడాలి. ట్రయల్ ఫలితం తేలేది అక్కడే. పేపర్ త్వరగా కావాలనుకునేవాళ్లకు ఇది నరకం. డబ్బు సంగతి చెప్పనక్కర్లేదు, ప్రైవేటు ప్రాక్టీసుతో పోటీ పడదు.

దారి విషయానికొస్తే, ఎండీ తర్వాత డీఎం (సూపర్ స్పెషాలిటీ కోర్సు) నియోనాటాలజీగానీ పీడియాట్రిక్ న్యూరాలజీగానీ మూడేళ్లు. ఈలోపు థీసిస్‌కు పుట్టగానే ఏడవని బిడ్డల ఫాలోఅప్ తీసుకోమనండి. కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు, తల్లుల ఫోన్ నంబర్లు, ఓపిక చాలు. రీసెర్చ్ చేసే డాక్టర్లకు ఇండియా అలయన్స్ అనే వైద్య పరిశోధనలకు నిధులిచ్చే సంస్థ ఫెలోషిప్‌లు ఇస్తూ వచ్చింది, దాని ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, వెబ్‌సైట్ చూడమనండి. అమ్మాయి ఏ ఊళ్లో పీజీ చేస్తోందో రాస్తే, అక్కడ ఎవరి దగ్గర చేరితే బాగుంటుందో మెసేజ్‌లో చెప్తాను.