నడుము ఆపరేషన్: మెట్లు, మరుగుదొడ్డి, గిరి ప్రదక్షిణ

ప్రశ్న: నా వయసు 47. గాజువాకలో లిఫ్టు లేని రెండో అంతస్తులో ఉంటున్నాం. ఎల్‌4, ఎల్‌5 వెన్నుపూసల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందనీ, మే నెలాఖరులో మైక్రోడిసెక్టమీ (చిన్న కోతతో, నరాన్ని నొక్కుతున్న డిస్క్ ముక్కను తీసేసే ఆపరేషన్) చేస్తామనీ డాక్టరుగారు చెప్పారు. నాకు షుగరు ఉంది. గుండె కోసం ఆస్పిరిన్ వేసుకుంటున్నాను, సిగరెట్ అలవాటూ ఉంది. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేయవచ్చా?

జవాబు: ఈ శస్త్రచికిత్స ప్రధానంగా నరం మీద ఒత్తిడి తీసి, పిరుదు నుంచి పిక్క దాకా లాగే నొప్పిని తగ్గించడానికి చేసేది కనుక, ఏళ్ల తరబడి ఉన్న నడుము నొప్పి కూడా పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోకండి. కాలి నొప్పి చాలామందికి త్వరగానే తగ్గుతుంది, తిమ్మిరి వదలడానికి మాత్రం నెలలు పట్టవచ్చు.

సిగరెట్ ఈ రోజే మానండి. ఆపరేషన్‌కు కనీసం 4 వారాల ముందు మానినవారికి గాయం బాగా మానుతుంది. ఆస్పిరిన్ ఆపాలా, కొనసాగించాలా అన్నది మీ గుండె వైద్యుడూ శస్త్రచికిత్స నిపుణుడూ కలిసి తేల్చవలసిన విషయం. షుగరు అదుపులో లేకపోతే గాయం చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.

మెట్ల గురించి భయం అక్కరలేదు. ఫిజియోథెరపిస్టు ఎదుట ఆసుపత్రిలోనే మెట్లెక్కి చూసుకుని ఇంటికి రండి. నేను ఎక్కువగా ఆలోచించేది మీ మరుగుదొడ్డి గురించి. అది నేలమీద కూర్చునేదైతే ముందే కమోడ్ కుర్చీ తెచ్చుకోండి. నొప్పి మాత్రలు కొన్ని మలబద్ధకం తెస్తాయి, ముక్కితే నడుముపై ఒత్తిడి పడుతుంది, కాబట్టి నీళ్లు, ఆకుకూరలు తగ్గించకండి. మంచం మీద నుంచి తిన్నగా లేవకుండా, భుజాలూ తుంటీ ఒకేసారి తిప్పి పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించుతూ చేతుల ఊతంతో లేవడం ఇప్పటినుంచే సాధన చేయండి. సుమారు 6 వారాల పాటు వంగడం, నడుము మెలితిప్పడం, నీళ్ల బిందె, గ్యాస్ సిలిండరు ఎత్తడం కూడదు. డాక్టరుగారు సరేననే దాకా బైకు తీయకండి.

నడక మాత్రం మందులాంటిదే, మొదట 10 నిమిషాలు చాలు. బీచ్ రోడ్డుకు వెళితే ఇసుకలోకి దిగకుండా కాలిబాట మీదే నడవండి. గిరి ప్రదక్షిణ దాదాపు 32 కిలోమీటర్లు. ఈ ఆషాఢానికి వద్దు, అప్పన్నకు ఇంటి నుంచే దండం పెట్టుకోండి.

ఈలోగా మూత్రం బిగిసినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ తగ్గినా, పాదం పైకి లేవకపోయినా ఆపరేషన్ తేదీ కోసం ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. ఆపరేషన్ తరువాత జ్వరం వచ్చినా, కుట్ల నుంచి రసి కారినా, ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా అదే రోజు డాక్టరుగారికి చూపించుకోండి.