దుర్గాబాయిని పిల్లలకు చెప్పాలంటే

అమ్మాయీ,

దుర్గాబాయి దేశ్‌ముఖ్ మీద పిల్లల కోసం నువ్వు రాసిన ప్రతి చదివాను. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టిందంటూ ఎత్తుకున్నావు. మూడో తరగతి పిల్లకు ఆ వాక్యంతో పనిలేదు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల దగ్గర మొదలుపెట్టు. ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్ల, టికెట్టు లేదని నెహ్రూని ఆపేసింది. నిర్వాహకులు టికెట్టు కొనిచ్చాకే లోపలికి వదిలింది. ఇంతకంటే మంచి మొదటి పేజీ దొరకదు.

కానీ వాళ్లిద్దరి మధ్య నువ్వు రాసిన సంభాషణ ఎక్కడిది? ఆధారం లేని మాటను కొటేషన్ గుర్తుల్లో పెడితే పిల్లలు దాన్నే నిజమని నమ్ముతారు, రేపు వక్తృత్వ పోటీలో అప్పజెబుతారు. ఆమె ఆత్మకథ పక్కన పెట్టుకో. అందులో ఉన్న మాటైతే ఉంచు, లేకపోతే జరిగింది చెప్పి ఊరుకో. మార్జిన్‌లో ప్రతి వాక్యానికీ ఆధారం, పేజీ నంబరు రాసుకో. ఏమీ రాయలేకపోయిన వాక్యాన్ని కొట్టెయ్, అది ఎంత బాగున్నా సరే.

ఫిలిప్ హూస్ రాసిన క్లాడెట్ కాల్విన్ జీవితకథ సంపాదించి చదువు. 2009లో అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. మాంట్‌గోమరీలో 1955 మార్చి 2న, ఇదే పనికి పేరుపొందిన రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, బస్సులో తెల్లవాళ్లకు సీటు వదలనన్న పదిహేనేళ్ల నల్లజాతి అమ్మాయి ఆమె. హూస్ ఆమెతోనే మాట్లాడి, ఆమె మాటల్ని ఆమె గొంతులోనే ఉంచాడు, తన కథనాన్ని విడిగా నడిపాడు. ఏది ఎవరి మాటో పిల్లలకు తెలిసిపోతుంది. నల్లజాతి హక్కుల ఉద్యమ పెద్దలు ఆమెను ఎందుకు ముందు నిలబెట్టలేదో కూడా దాచలేదు.

నువ్వు మాత్రం దాచావు. దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, పెద్దయ్యాక ఆమె ఆ పెళ్లిలోంచి బయటికొచ్చింది. పిల్లలకెందుకులే అనుకున్నావేమో. నీ పుస్తకం చదివే పిల్లకూ ఎనిమిదేళ్లేనమ్మా! దురాచారం, సంఘ సంస్కరణ అని ఉపన్యాసం వద్దు. వయసు చెప్పు, చాలు. మిగతాది ఆ పిల్లే అడుగుతుంది.

ఇక కొలతలు. 32 పేజీల బొమ్మల పుస్తకంలో ముందూ వెనకా పోగా కథకు పద్నాలుగు జంట పేజీలకు మించి మిగలవు. జంటకు యాభై మాటలనుకుంటే మొత్తం ఏడొందలు. నీ రాతప్రతి రెండువేల మాటలు దాటింది. ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం అన్నీ కూరితే ఏదీ నిలవదు. ఒకటి రెండు ఘట్టాలు పట్టుకో, మిగతావి చివరి పేజీలో తేదీల పట్టికకు పంపు. అక్షరం 18 పాయింట్లకు తగ్గనివ్వకు. ఇంగ్లిష్ పుస్తకాల కొలతతో వరుసలు దగ్గరగా పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి, కాబట్టి 28 పాయింట్ల ఎడం అడుగు.

బొమ్మలు వేసేవారికి రాతప్రతి ఒక్కటే ఇస్తే గుమ్మం మీద ట్యూబ్‌లైటు వెలుగుతుంది. అప్పటి కాంగ్రెస్ సభల ఫొటోలు, వాలంటీర్ల దుస్తులు, పందిళ్లు వెతికి వాటితోపాటే పంపు.

ఆశీస్సులతో.